12 వోల్టుల బ్యాటరీ చార్జర్: స్కూటర్, కారు, ట్రాక్టర్ మూడింటికీ ఒకటే చాలా?

మామిడితోట
నమస్తే. బంగారుపాళెం దగ్గర పల్లె మాది. ఇంట్లో మూడు బండ్లు: స్కూటర్ (4 ఏహెచ్, అంటే ఆంపియర్-గంటలు, సీల్డ్ బ్యాటరీ), పెట్రోలు కారు (35 ఏహెచ్), ట్రాక్టర్ (88 ఏహెచ్, మూతలు తీసి నీళ్ళు పోసే రకం). మామిడి సీజన్ అయిపోతే ట్రాక్టర్ వారాల తరబడి షెడ్డులోనే ఉంటుంది. కారు చిత్తూరు దాకా ఎప్పుడో ఒకసారి. బ్యాటరీ డౌన్ అయిన ప్రతిసారీ ఊడదీసి టౌనుకి మోసే బదులు చార్జర్ కొనేద్దామని చూస్తున్నాను. ఆన్‌లైన్‌లో “12 వోల్టులు, 10 ఆంప్స్, పల్స్ రిపేర్” అని చిన్న ప్లాస్టిక్ పెట్టెలు కనిపిస్తున్నాయి. షాపులో ఆంప్స్ మీటరున్న ఇనుప డబ్బా చూపించారు. మూడింటికీ ఒకటే వాడుకోవచ్చా? సాయంత్రాలు మాకు కరెంటు 180కి పడిపోతుంది, అదీ లెక్కలో పెట్టుకుని చెప్పండి.

అలిపిరి టాక్సీ
మీ మండలంలోనే బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టుకుని చార్జర్ కోసం ఆన్‌లైన్ వెతుకుతున్నావా అన్నా! నా ఓటు ఇనుప డబ్బాకే. అందులో పోయేది డయోడు, స్విచ్చి, అంతే. ఏ ఊళ్ళోనైనా బాగుచేస్తారు. పూర్తిగా చచ్చిన బ్యాటరీకి కూడా కరెంటు ఎక్కిస్తుంది. నిండగానే తనంతట తానే ఆగే స్మార్ట్ చార్జర్ అలాంటి బ్యాటరీని చూస్తే ఎర్రలైటు వేసి కూర్చుంటుంది.

స్వర్ణముఖి
డబ్బా గట్టిదే, కాదనను. పల్లె కరెంటు మీద రాత్రంతా దాన్ని వదిలేయడమే ప్రమాదం.

లోపల ఉండేది ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫైయరు (ఏసీని డీసీ చేసేది). రెగ్యులేషన్ ఏమీ లేదు. ఇంట్లోకి వచ్చే కరెంటు ఎంత పెరిగితే బయటికిచ్చే వోల్టేజీ అంత పెరుగుతుంది. సాయంత్రం 190 ఉన్నది అర్ధరాత్రి లోడు తగ్గాక 250కి పోయిందంటే 30 శాతం పెరిగినట్టు. కానీ బ్యాటరీలోకి పోయే ఆంప్స్ 30 శాతం మాత్రమే పెరుగుతాయనుకోవద్దు. చార్జర్ వోల్టేజీకీ బ్యాటరీ వోల్టేజీకీ మధ్య ఉన్న తేడాయే ఆంప్స్‌ని నిర్ణయిస్తుంది. ఆ తేడా ఉండేదే రెండు మూడు వోల్టులు. అందుకని సాయంత్రం 3 ఆంప్స్ చూపించిన మీటరు రాత్రి ఏకంగా రెండు మూడు రెట్లు చూపిస్తుంది. అదీ ఎప్పుడు? బ్యాటరీ నిండిపోయి ఆంప్స్ తగ్గాల్సిన వేళకి.

నిండిన బ్యాటరీలోకి పోయే ప్రతి ఆంపియర్-గంటకీ ఒక్కో సెల్లులో 0.34 గ్రాముల నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. 4 ఆంప్స్ చొప్పున 8 గంటలు అదనంగా ఎక్కితే 32 ఏహెచ్. అంటే సెల్లుకి దాదాపు 11 మిల్లీలీటర్లు, ఆరు సెల్లులకీ కలిపి 65. ట్రాక్టర్ బ్యాటరీకైతే మూత తీసి డిస్టిల్ వాటర్ పోసేస్తారు. మరి స్కూటర్ సీల్డ్ బ్యాటరీలో ఎక్కడ పోస్తారు? దాంట్లో ఉండే ద్రవమే కొంచెం.

అలిపిరి టాక్సీ
రాత్రంతా ఎవరు పెడతారు సామీ. మీటరు చూసుకుంటూ పెట్టుకోవాలి.

స్వర్ణముఖి
ఇంట్లో అందరూ పెట్టేది రాత్రే. ఐదొందల టైమర్ సాకెట్ ఒకటి తగిలించి 5 గంటలు గడిచాక ఆగిపోయేలా పెడతానంటే డబ్బాకి నేనూ ఒప్పుకుంటాను, అదీ ట్రాక్టర్‌కి మాత్రమే.

కరకంబాడి 12.6
ముందు కొన్ని అంకెలు చెప్తాను, చార్జర్ ఎంపిక వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

బండి ఆపి, చార్జర్ తీసేసి కనీసం నాలుగైదు గంటలయ్యాక బ్యాటరీ మీద మల్టీమీటరు పెడితే 12.6 నుంచి 12.7 వోల్టుల వరకు చూపించాలి, అది నిండు బ్యాటరీ. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు మిగిలింది. 11.8 అంటే ఖాళీ కిందే లెక్క. సీల్డ్ రకాల్లో (స్కూటర్‌ది, యాసిడ్‌ని గాజుపీచులో ఇంకించిన ఏజీఎం రకం) నిండినప్పుడు 12.8 దాకా ఉంటుంది. 12.4 కంటే కింద వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. ఆ సమస్య మీ ట్రాక్టర్‌దే.

ఎన్ని ఆంప్స్? ఏహెచ్‌లో పదో వంతు. స్కూటర్‌కి 0.4, కారుకి 3.5, ట్రాక్టర్‌కి 8.8. ఇందులో తక్కువైతే నష్టం లేదు, ఆలస్యమవుతుంది అంతే. ఎక్కువైతే వేడి. అంచేత మూడింటికీ ఒకటే కొనాలంటే చిన్న బ్యాటరీని చూసి కొనాలి, పెద్దదాన్ని చూసి కాదు. 10 ఆంప్స్ చార్జర్ ట్రాక్టర్‌కి బాగుంటుంది, స్కూటర్ బ్యాటరీని ఉడికిస్తుంది.

4-5 ఆంప్స్ ఇస్తూ, బటన్ నొక్కితే 0.8 ఆంప్స్‌కి దిగే చార్జర్లున్నాయి. బాష్ సీ3 (0.8, 3.8), సీటెక్ ఎంఎక్స్‌ఎస్ 5.0 (0.8, 5) ఆ కోవవి. అదే పద్ధతిలో పనిచేసే ఇంకో కంపెనీదైనా సరే. పెట్టె మీద మూడు విషయాలు వెతకండి: చిన్న బ్యాటరీకి వేరే మోడ్, 14.4 వోల్టుల దగ్గర ఆగడం, నిండాక 13.6 ప్రాంతంలో ఫ్లోట్‌కి (నిండుగా నిలిపి ఉంచే తక్కువ వోల్టేజీకి) దిగడం. 0.8 అనేది స్కూటర్‌కి చెప్పిన 0.4 కంటే ఎక్కువే, కానీ 14.4 దగ్గర ఆగుతుంది కాబట్టి ఫర్వాలేదు. ఈ మూడూ ఉంటే చార్జర్‌ని తగిలించి మర్చిపోయినా బ్యాటరీకి ఏమీ కాదు.

ఇంకొకటి. వీటి మీద మంచు గుర్తున్న బటన్ ఉంటుంది. అది నొక్కితే 14.7 దాకా పోతుంది. చలిదేశాల కోసమూ, ఏజీఎం బ్యాటరీల కోసమూ పెట్టింది. మన తిరుపతి ఎండల్లో మామూలు బ్యాటరీకి దాని జోలికే పోవద్దు. 14.4 అనే అంకె 25 డిగ్రీలకి చెప్పింది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే 12 వోల్టుల బ్యాటరీకి సుమారు 20 మిల్లీవోల్టులు తగ్గించాలి. 40 డిగ్రీల షెడ్డులో 15 డిగ్రీలు ఎక్కువ కాబట్టి 0.3 వోల్టు తగ్గించాలి, 14.1 సరిపోతుంది. చార్జర్‌లో ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే ఏర్పాటు లేకపోతే మే నెలలో తెల్లవారుజామున పెట్టుకోవడమే మందు. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పెట్టడం మాత్రం దండగ.

కుప్పం కుర్రోడు
ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, దాని బ్యాటరీ తీసి కారు బ్యాటరీ తగిలిస్తే చార్జ్ అవ్వదా? లేకపోతే పాత ల్యాప్‌టాప్ చార్జర్?

స్వర్ణముఖి
ల్యాప్‌టాప్ చార్జర్ వద్దే వద్దు. అది 19 వోల్టులు. నిండినా ఆపే తెలివి దానికి లేదు.

ఇన్వర్టర్ 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని 10-15 ఆంప్స్ తోస్తుంది. 35 ఏహెచ్ కారు బ్యాటరీకి అది మూడు నాలుగు రెట్లు. చాలా ఇన్వర్టర్లలో వెనకాల బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్చి ఉంటుంది. ట్యూబులర్ మీద ఉంటే వోల్టేజీ కూడా ఎక్కువ. ట్రాక్టర్ 88 ఏహెచ్‌కి అత్యవసరంలో, స్విచ్చిని ఫ్లాట్ ప్లేట్‌కి మార్చి, ఒక గంటా రెండు గంటలు పక్కనే ఉండి పెట్టుకోవచ్చు. మధ్యలో కరెంటు పోతే ఇంట్లో ఫ్యాన్లన్నీ నీ ట్రాక్టర్ బ్యాటరీ మీద తిరుగుతాయి, అది గుర్తుంచుకో.

సీసీ కెమెరాల 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె) గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తున్నా. దాంట్లోంచి వచ్చేది 12.0, సగం నిండిన బ్యాటరీలో ఉండేది 12.2. నీళ్ళు కింది నుంచి పైకి పారవు కదా. లోపలి చిన్న స్క్రూ తిప్పి 13.8కి పెంచినా చాలావాటిలో కరెంటుని ఒక హద్దులో నిలిపే ఏర్పాటు ఉండదు. ఖాళీ బ్యాటరీ తగిలించగానే టిక్కు టిక్కుమని ఆగి ఆగి కొట్టుకుంటుంది.

రేణిగుంట వైరింగ్
చార్జర్ కొనే ముందర డైనమో చూసినావా నా? బండి స్టార్ట్ చేసి కొంచెం రేస్ ఇచ్చి టెర్మినళ్ళ మీద మీటర్ పెట్టు. 13.8 నుంచి 14.5 లోపల ఉండాల. 13 కాడే నిలబడిపోతా ఉంటే బెల్టు లూజో, బ్రష్షులు అరిగినాయో, రెగ్యులేటర్ పోయిందో. 15 దాటతా ఉంటే అదీ రెగ్యులేటరే, బ్యాటరీ ఉబ్బుతాది. ఆ పని చేయించకుండా ఎంత మంచి చార్జర్ కొన్నా వారం వారం క్లిప్పులు తగిలించుకుంటా ఉండాల్సిందే.

రెండోది, బండి నిలబెట్టినప్పుడు ఎంత కరెంటు తాగతా ఉండాదో చూడాల. కారు మైనస్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ నడాన మీటర్ పెట్టు, 10 ఆంప్స్ సాకెట్లో. తలుపులేసి లాక్ కొట్టి అరగంట ఆగు, లోపలుండే మాడ్యూళ్ళు నిద్రపోవాల గదా. అప్పుడు 50 మిల్లీ ఆంప్స్ లోపల ఉంటే మంచిది. జీపీఎస్, డ్యాష్‌క్యామ్ ఏసినోళ్ళకి 200, 300 చూపిస్తాది. మీటర్ నడాన ఉండంగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతాది.

ట్రాక్టర్‌కైతే చార్జర్ కంటే ముందు మైనస్ మీద ఒక కటాఫ్ స్విచ్చి ఏయించు. సీజన్ అయినాక తిప్పి తాళం తీసేసుకుంటే చాలు. నెలకొకసారి చార్జింగ్ పెట్టు. సగం కత అక్కడే అయిపోతాది.

కరకంబాడి 12.6
50 మిల్లీ ఆంప్స్ అంటే చిన్నదనుకోకండి. రోజుకి 1.2 ఏహెచ్. 35 ఏహెచ్ కారు బ్యాటరీ రెండు వారాల్లో సగానికి వస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే చిత్తూరు పోయే కారుకి 0.8 ఆంప్స్ మోడ్ కూడా చాలు, ఆ మోడ్‌లో రోజున్నర పాటు తగిలించి వదిలేయండి.

ఎంతసేపు పెట్టాలనేదానికి లెక్క: పోయిన ఏహెచ్‌ని 1.25తో గుణించి, చార్జర్ ఆంప్స్‌తో భాగించండి. కారు సగం దిగితే 17.5 ఏహెచ్, గుణిస్తే 22. 4 ఆంప్స్‌తో ఐదున్నర గంటలు. ట్రాక్టర్ సగం దిగితే 44, గుణిస్తే 55. 5 ఆంప్స్‌తో 11 గంటలు. ఇది కాక చివర 14.4 దగ్గర ఆంప్స్ నెమ్మదిగా తగ్గుతూ ఇంకో రెండు మూడు గంటలు పడుతుంది. పచ్చలైటు వచ్చేదాకా తీయకండి, మిగిలిపోయిన సల్ఫేట్ కరిగేది ఆఖరి ఆ రెండు గంటల్లోనే.

మామిడితోట
చాలా ఉపయోగం. కటాఫ్ స్విచ్చి రేపే వేయిస్తాను. ఆన్‌లైన్ “10 ఆంప్స్ పల్స్ రిపేర్” పెట్టె ధరలో సగమే ఉంది, నమ్మొచ్చా? 14.4 దగ్గర ఆగుతుందో లేదో కొనకముందే ఎలా తెలుస్తుంది?

స్వర్ణముఖి
పెట్టె మీద “ఇన్‌పుట్” అని ఒక వరుస ఉంటుంది, ఫోటోలో కూడా కనిపిస్తుంది. అక్కడ 220 వోల్టులు, 0.3 ఆంప్స్ అని ఉంటే గుణించండి, 66 వాట్లు. బయటికి 14 వోల్టుల దగ్గర 10 ఆంప్స్ ఇవ్వాలంటే 140 వాట్లు కావాలి. తీసుకునే 66 వాట్లలో వేడి పోగా మిగిలేది 4 ఆంప్స్ మాత్రమే. మీ అవసరానికి 4 చాలు, కాబట్టి అబద్ధం రాసినంత మాత్రాన పనికిరాదని కాదు. ఇన్‌పుట్ వోల్టేజీ హద్దు కూడా అక్కడే రాసుంటుంది. 100-240 అని ఉంటే మీ 180కి బెంగ లేదు. 220-240 అని మాత్రమే ఉంటే సాయంత్రం ఆగి ఆగి పనిచేయొచ్చు.

పల్స్ రిపేర్ అంటే ఎక్కువ వోల్టేజీతో ఆగి ఆగి దెబ్బలు కొట్టి సల్ఫేట్ వదిలించే ప్రయత్నం. కొద్దిరోజులు దిగి ఉన్న బ్యాటరీ కొంత కోలుకోవచ్చు. ఏడాది ఎండిన బ్యాటరీ కోలుకోదు. కొన్నిట్లో ఆ మోడ్ 15.8 దాకా పోతుంది. కారులో బ్యాటరీ తగిలించి ఉండగా ఆ బటన్ నొక్కకూడదు, ఆ వోల్టేజీ ఈసీయూ (ఇంజను కంప్యూటర్) మీదికి పోతుంది. సీల్డ్ బ్యాటరీకి అసలు వద్దు.

ఎక్కడ ఆగుతుందో పెట్టె చూసి తెలియదు, కొన్నాక పరీక్షించాలి. తిప్పి ఇచ్చే గడువు లోపలే చేయండి. ఉత్త క్లిప్పుల మీద మీటర్ పెడితే చాలా స్మార్ట్ చార్జర్లు సున్నా చూపిస్తాయి, బ్యాటరీ తగిలితేనే లేస్తాయి. అది చూసి చెడిపోయిందనుకోవద్దు. కారు హెడ్‌లైట్లు పావుగంట వేసి ఆపండి, హాలోజన్ అయితే రెండున్నర ఏహెచ్ దిగుతుంది. చార్జర్ పెట్టి అరగంటకొకసారి టెర్మినళ్ళ మీద మీటర్ చూడండి. 14.4 నుంచి 14.6 దగ్గర నిలబడి, తర్వాత 13.5-13.8కి దిగితే మంచి సరుకు. 14.8 దాటి పోతూనే ఉంటే అదే రోజు వెనక్కి పంపేయండి. ఆంప్స్ చూడాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి, ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే మామూలు క్లాంప్‌లో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి.

అలిపిరి టాక్సీ
అన్నీ ఒప్పుకుంటా. చచ్చిన బ్యాటరీ సంగతి ఎవరూ చెప్పలేదు. లైట్లు వదిలేసి పోతే 5 వోల్టులకి దిగుతుంది. అప్పుడు మీ స్మార్ట్ చార్జర్ ఏం చేస్తుంది?

కరకంబాడి 12.6
నిజమే. ఇంకో చిక్కు కూడా ఉంది. 6, 12 వోల్టులు రెండింటినీ తనంతట తానే పసిగట్టే చార్జర్లు 7 వోల్టులకి దిగిన 12 వోల్టుల బ్యాటరీని 6 వోల్టులదనుకుని 7.2 దగ్గర ఆపేసి పచ్చలైటు వేస్తాయి. మోడ్ చేత్తో ఎంచుకోగలిగినది కొనడం మంచిది.

దారి ఇది: మంచి 12 వోల్టుల బ్యాటరీని జంపర్ కేబుళ్ళతో ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి, చార్జర్‌ని చచ్చిన బ్యాటరీకి తగిలించండి. ఇప్పుడు చార్జర్‌కి 11, 12 వోల్టులు కనిపిస్తాయి, పని మొదలుపెడుతుంది. పది పదిహేను నిమిషాలయ్యాక జంపర్లు తీసేయండి. ఇక్కడ మీ ఇనుప డబ్బా కూడా పనికొస్తుంది, పదిహేను నిమిషాలు డబ్బాతో లేపి తర్వాత స్మార్ట్‌కి మార్చొచ్చు.

గంటల తరబడి పెట్టినా 10.5 దగ్గరే ఉండిపోతే, ఒక సెల్లు షార్టయింది. చార్జర్‌ని తిట్టకండి. ఆ బ్యాటరీ పక్క గోడ ఒక్కచోట ఎక్కువ వేడిగా తగులుతుంది. వెంటనే ఆపేయాలి.

రేణిగుంట వైరింగ్
తగిలించే వరస రాస్తా ఉండా, ఇది తప్పితే నిప్పే. ముందర ప్లస్ క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి. మైనస్ క్లిప్పు బాడీకి, బ్యాటరీకి దూరంగా ఉండే గట్టి ఇనుప బోల్టుకి. ఆఖర్న గోడ స్విచ్చి. తీసేటప్పుడు ముందు గోడ స్విచ్చి, తర్వాత మైనస్, తర్వాత ప్లస్. గ్యాస్ వచ్చే బ్యాటరీ పక్కన నిప్పురవ్వ పడకూడదు. షెడ్డు తలుపులు తెరిచిపెట్టు, బీడీ సిగరెట్ బంద్.

కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ పెట్టె ఉంటాది. మైనస్ క్లిప్పు దాని మీద పెడితే బండికి చార్జ్ ఎక్కినట్టే తెలీదు, తర్వాత స్టార్ట్-స్టాప్ పనిచేయట్లేదని వస్తారు. అందుకే బాడీకి.

నీళ్ళు: ప్లేట్లు బయటికి కనిపిస్తా ఉంటే మునిగేదాకా కొంచెం డిస్టిల్ వాటర్ పోసి చార్జింగ్ పెట్టు. గీత దాకా నింపేది చార్జింగ్ అయినాక. ముందరే నింపితే ఉబ్బి పొంగి ట్రే అంతా యాసిడ్. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకూడదు, ఎగిరిపోయేది నీళ్ళే. బోరు నీళ్ళు పోసేటోళ్ళు కూడా ఉండారు, మన పక్క ఉప్పు నీళ్ళకి ప్లేట్లు తొందరగా పోతాయి.

కుప్పం కుర్రోడు
ఎలక్ట్రిక్ ఆటో బ్యాటరీకి కూడా ఈ చార్జర్లేనా? తిరుపతిలో బంధువుది 48 వోల్టులది.

స్వర్ణముఖి
కాదు. 48 వోల్టుల లెడ్ యాసిడ్ ఆటోలో నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా ఉంటాయి, దాని చార్జర్ వేరు. లిథియం అయితే ఇంకా పట్టింపు. లిథియంలో రెండు రకాలు: 16 సెల్లుల ఎల్‌ఎఫ్‌పీ 58.4 దగ్గర ఆగాలి, 13 సెల్లుల ఎన్‌ఎంసీ 54.6 దగ్గర ఆగాలి. రెండింటినీ “48 వోల్టులు” అనే అమ్ముతారు, ప్లగ్ కూడా ఒకటే ఉండొచ్చు. ఒకదాని చార్జర్ ఇంకోదానికి పెడితే కాపాడేది బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) ఒక్కటే. బండితో వచ్చిన చార్జరే వాడమనండి.

మామిడితోట
0.8, 4 ఆంప్స్ రెండు మోడ్లున్నది చూస్తున్నాను. చివరిగా ఒకటి. షెడ్డులో ప్లగ్ పాయింటు లేదు. ట్రాక్టర్ మీద చిన్న సోలార్ ప్లేటు పెడితే నెలనెలా చార్జింగ్ తప్పుతుందా?

కరకంబాడి 12.6
తప్పుతుంది. 10 వాట్ల ప్యానెల్ ఎండలో అర ఆంప్ పైన ఇస్తుంది, రోజుకి రెండు రెండున్నర ఏహెచ్. కటాఫ్ స్విచ్చి ఉన్న 88 ఏహెచ్ బ్యాటరీని నిండుగా నిలబెట్టడానికి అది చాలు, దిగిపోయినదాన్ని లేపడానికి చాలదు. అందుకని ఒకసారి చార్జర్‌తో పూర్తిగా నింపాకే ప్యానెల్ తగిలించండి. ప్యానెల్ రేకుల మీద, వైరు లోపలికి.

నేరుగా కలపకండి, ప్యానెల్ 17-18 వోల్టులు ఇస్తుంది. మధ్యలో వోల్టేజీని అదుపులో ఉంచే 12 వోల్టుల చిన్న పీడబ్ల్యూఎం రకం సోలార్ కంట్రోలర్ ఉండాలి. కంట్రోలర్ వైర్లు కటాఫ్ స్విచ్చికి బ్యాటరీ వైపున కలపాలి, లేకపోతే స్విచ్చి తిప్పగానే ప్యానెల్ కూడా తెగిపోతుంది. ప్లస్ వైరులో బ్యాటరీకి దగ్గరగా 3 ఆంప్స్ ఫ్యూజు పెట్టండి.

రేణిగుంట వైరింగ్
కంట్రోలర్‌కి ముందర బ్యాటరీ వైర్లు, తర్వాత ప్యానెల్ వైర్లు. తీసేటప్పుడు ముందు ప్యానెల్. తిరగేస్తే కొన్ని కంట్రోలర్లు 12ని 24 అనుకుంటాయి.